చెప్పుల దగ్గర కూర్చున్న పిల్ల

నా మోకాలికి ఆపరేషన్ అయిన ఏడాదే ఆ పేపరు నా చేతికొచ్చింది. అంతకుముందు పదేళ్లూ నేను గ్రౌండు మనిషిని. ఇబ్రహీంపట్నం దాటాక, సాగర్ రోడ్డు మీదున్న మా కాలేజీలో వ్యాయామ ఉపాధ్యాయులు కాబోయే పిల్లలకు ఖో-ఖో, టెన్నికాయిట్ నేర్పేదాన్ని. ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు తిరిగొచ్చేసరికి నా గ్రౌండు పీరియడ్లు వేరొకరికి వెళ్లిపోయాయి. ప్రిన్సిపాల్ మంచిగానే చెప్పాడు.

"మీకు ఎండల నిలబడుడు కష్టం గదా మేడం. గా వికలాంగుల పేపర్ ఎవ్వరు తీస్కుంటలేరు. కూసొని చెప్పుకోవచ్చు. మీరు తీస్కోండ్రి."

తీసుకున్నాను. దివ్యాంగులకు వ్యాయామ విద్య నేర్పడం గురించిన పేపరు అది. వారానికి రెండు పీరియడ్లు, రెండూ మధ్యాహ్నం భోజనం తర్వాతే. తెల్లారి ఆరింటి నుంచి గ్రౌండులో ఉరికి, పడి, లేచి, హాస్టల్ అన్నం కడుపునిండా తిన్న నలభై మంది ఆ గదిలో కూర్చుని నిద్ర ఆపుకోలేక బల్లల మీదికి వాలిపోయేవాళ్లు. నేనేమీ అనేదాన్ని కాదు. నాకూ నిద్రొచ్చేది. నోట్సు చెప్పేదాన్ని. మెలకువగా ఉన్నవాళ్లు రాసుకునేవాళ్లు, మిగతావాళ్లు వాళ్ల దగ్గర ఫొటో తీసుకునేవాళ్లు. పరీక్షలో అందరూ పాసయ్యేవాళ్లు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు తలెత్తి, "మేడం, డీఎస్సీల దీంట్ల నుంచి ఎన్ని బిట్లొస్తయ్?" అని అడిగేవాళ్లు. ఒకటో రెండో వస్తాయని చెప్తే మళ్లీ తల దించుకునేవాళ్లు.

ఒక్క అలవాటు మాత్రం పెట్టుకున్నాను. ఏటా మొదటి క్లాసులో అందరికీ చిన్న కాగితం ఇచ్చి, పేరు రాయొద్దని చెప్పి, ఒకటే ప్రశ్న అడిగేదాన్ని. "రేపు మీరు టీచర్లయ్యాక, మీ ఆటల పీరియడ్‌లో నడవలేని పిల్లో, కళ్లు కనపడని పిల్లో ఉంటే ఏం చేస్తారు?"

జవాబులన్నీ ఒకే ఇంట్లో ఉడికిన అన్నంలా ఉండేవి. స్కోరు రాయిస్తాం. అంపైర్‌గా పెడతాం. క్యారమ్స్ ఆడిస్తాం. ధైర్యం చెప్తాం. వాళ్లు దేవుడి బిడ్డలు, వాళ్లను ప్రేమగా చూసుకుంటాం. అది చదివి నాకు కోపం వచ్చేది కాదు. వాళ్లు చెడ్డ పిల్లలు కాదు. చిన్నప్పటి నుంచి ఒంటిని నమ్ముకుని పెరిగినవాళ్లు. ఊళ్లో అందరికన్నా జోరుగా ఉరికారు కాబట్టే ఇక్కడిదాకా వచ్చారు. ఉరకలేని ఒంటిని చూస్తే వాళ్లకు జాలేస్తుంది, ఆ జాలి దగ్గరే వాళ్లకు దారి అయిపోతుంది. నేను ఆ కాగితాలను కట్టగట్టి బీరువాలో పడేసేదాన్ని.

మూడేళ్ల కిందట ఆ కట్టలో ఒక కాగితం వేరుగా ఉంది. అందులో రెండే ముక్కలు. "నాకు భయం. కూర్చోబెడతాను."

నెల తర్వాత నోట్సులు చూస్తున్నప్పుడు ఆ చేతిరాత ఎవరిదో తెలిసింది. మహేశ్వరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. కబడ్డీ ఆడేది. ఎడమ కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఉండేది. క్లాసులో నిద్రపోని ఆరేడుగురిలో ఒకతె. సాయంత్రం స్టాఫ్ రూముకు పిలిచి కాగితం చూపించాను. తిడతాననుకుందేమో, నిటారుగా నిలబడింది.

"ఉన్నదే రాసిన మేడం."

"తప్పని అనడం లేదు. ఎందుకు భయం?"

"నాకొచ్చింది కబడ్డీ. మనిషిని పట్టి పడేసుడు, పడి లేసుడు. పట్టుకుంటే ఏమైతదో, పడితే ఏం ఇరుగుతదో తెల్వని పిల్లతోని ఏం ఆడియ్యాలె? ప్రేమతోని చూసుకుంట అని రాయొచ్చు. గని ప్రేమతోని గూడ కూసోబెట్టుడే గదా మేడం."

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను. బాగా చెప్పావన్నాను.

ఆ డిసెంబరులో టీచింగ్ ప్రాక్టీసుకు పిల్లలను చుట్టుపక్కల బళ్లకు పంచారు. కబడ్డీ అమ్మాయికి ఇబ్రహీంపట్నంలోనే ఒక బడి పడింది. ఆ బడికి పరిశీలకురాలిని నేనే. మొదటి రోజు ఏడో తరగతి ఆటల పీరియడ్ చూడ్డానికి వెళ్లాను. గ్రౌండులో సున్నం గీతలు గీసి, రెండు పోల్స్ పాతి, అమ్మాయి ఖో-ఖో ఆడిస్తోంది. నేను ఎండలో నిలబడలేక వరండా మెట్ల మీదికి వెళ్లాను. అక్కడ పిల్లల చెప్పులు కుప్పగా ఉన్నాయి, నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి, వాటి మధ్య ఒక పిల్ల కూర్చుని ఉంది. పన్నెండేళ్లుంటాయి. ఒక కాలు సన్నగా ఉండి పాదం లోపలికి తిరిగి ఉంది. ఒళ్లో నాలుగు చేతి గడియారాలు, ఒక జత కమ్మలు.

"నువ్వు ఆడవా?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న అని నా నోట్సులోనే ఉంది.

"నాది గీడ డ్యూటీ," అంది, గ్రౌండు మీది నుంచి చూపు తిప్పకుండానే. కాసేపటికి తనలో తాను అన్నట్టు, "గిప్పుడు ఎడమకు తిరుగుతది సూడు," అంది. ఉరుకుతున్న అమ్మాయి పోల్ దగ్గర నిజంగానే ఎడమకు తిరిగింది.

"నీకెట్ల తెలుసు?"

"నాలుగో తరగతి నుంచి సూస్తున్న మేడం. ఆమె ఎప్పుడు గట్లనే తిరుగుతది. గా పొడుగు పిల్ల లేదూ, గామె తిరిగే ముందు భుజం వంచుతది. గా వరసల రెండో ఆమె ఖో అనకుంటనే లేస్తది. ఎవ్వరు పట్టుకోరు."

పీరియడ్ అయ్యాక కబడ్డీ అమ్మాయిని పక్కకు పిలిచాను. పాఠం బాగుందని, కానీ ఒక పిల్లను చెప్పుల దగ్గర కూర్చోబెట్టావని చెప్పాను. తల దించుకుంది. తర్వాత మెల్లగా, మర్యాద తప్పకుండా అంది.

"రాసినట్టే చేసిన మేడం. మీరు క్లాసుల అన్ని చెప్పిండ్రు. ఏ రోగానికి ఏం పేరో చెప్పిండ్రు, చట్టం ఎప్పుడొచ్చిందో చెప్పిండ్రు. గని గసుంటి ఒక్క పిల్లను తీస్కొచ్చి గిట్ల ఆడియ్యాలె అని ఎన్నడన్న సూపిచ్చిండ్రా?"

లేదు. ఏళ్ల తరబడి ఆ పేపరు చెప్పాను, ఒక్కరోజు కూడా గ్రౌండులో చెప్పలేదు. ఆ మాట ఆమెతో అనలేదు. రేపు నేనూ ముందుగా వస్తానన్నాను.

ఆ రాత్రి మోకాలికి కాపడం పెట్టుకుంటూ ఒక ఉపాయం ఆలోచించాను. చిన్నప్పటి కుంటుడాట. అందరూ ఒంటికాలి మీదే ఆడతారు కాబట్టి అందరూ సమానమైపోతారు. నాకది చాలా గొప్ప ఆలోచనగా తోచింది. మర్నాడు తరగతిని వరసగా నిలబెట్టి చెప్పాం. పిల్లలు కిలకిలమని నవ్వుతూ ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టారు. ఆ పిల్ల మాత్రం మెట్ల మీది నుంచి లేవలేదు. దగ్గరికి వెళ్లాం.

"రావా బిడ్డా? నీకోసమే ఈ ఆట," అన్నాను.

"నాకొద్దు."

"ఎందుకు?"

"అందర్ని నాలెక్క కుంటిపిస్తే నాకేం సంబురం మేడం? గప్పుడు గూడ అందరు నన్నే సూస్తరు. వాళ్లు ఆట అయినంక రెండు కాళ్ల మీద ఇంటికి పోతరు." గొంతు తగ్గించి, "నాకు ఖో-ఖో కావాలె," అంది.

కబడ్డీ అమ్మాయి నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. తర్వాత ఆమె చెప్పులు విడిచి ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను క్లాసులో చెప్పని ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే అడిగింది. గొంతుకూర్చుని లేవగలవా? లేదు. ఏదైనా పట్టుకుని నిలబడగలవా? అవ్. ఎంత దూరం ఉరుకుతావ్? పది అడుగులు, తర్వాత పడతా. పడితే ఎటు పడతావ్? కుడికి. చేతులు ముందుకు పెడతావా? పెడతా. అలా పావుగంట మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అమ్మాయి లేచి, సున్నం డబ్బా తెచ్చి, ఒక పోల్ చుట్టూ సగం గుండ్రంగా గీత గీసింది.

పద్ధతి సులువుగానే ఉంది. ఖో-ఖోలో ఉరికేవాళ్లు మలుపు కోసం ఎప్పుడో ఒకప్పుడు పోల్ దగ్గరికి వస్తారు. ఈ పిల్ల పట్టేవాళ్ల జట్టులో ఉంటుంది. వరసలో గొంతుకూర్చోదు, పోల్ పట్టుకుని నిలబడుతుంది. ఆ గీత లోపలికి వచ్చిన వాళ్లను తాకితే అవుట్. గీత దాటి బయటికి రాకూడదు.

పిల్లలు ఊరుకోలేదు. "గామె మా దిక్కుంటే మేం ఓడిపోతం టీచర్" అని ఒక జట్టు. "గీత ఎందుకు? మోసం" అని రెండో జట్టు. కబడ్డీ అమ్మాయి గట్టిగా ఈల వేసి ఆట మొదలుపెట్టింది. తాను పోల్ పక్కనే నిలబడి, పిల్ల పడిపోకుండా నడుము వెనక చెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి టీచర్. అడ్డమొస్తున్నది."

తీసింది. మొదటి రెండు మలుపులూ ఎవరూ చిక్కలేదు. మూడోసారి ఎడమకు తిరిగే అమ్మాయి వచ్చింది. పిల్ల ఒంటిని కుడికి వంచినట్టు చేసి, ఆ అమ్మాయి ఎడమకు తిరగ్గానే జడ పట్టుకున్నంత పని చేసింది. భుజం మీద చరిచిన చప్పుడు నాకు వరండాలోకి వినపడింది. ఆ తర్వాత పొడుగు పిల్ల. అదీ అంతే. మూడేళ్లు కూర్చుని చూసిన చూపు అది. ఆ పీరియడ్ అయ్యేసరికి ఆమె నలుగురిని అవుట్ చేసింది. మర్నాడు జట్లు పంచుకునేటప్పుడు మా దిక్కంటే మా దిక్కని ఆమె కోసం కొట్లాడుకున్నారు. నేను పరిశీలన రిజిస్టరులో "ఖో-ఖో నైపుణ్యాలు, సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. అలా నాలుగు రోజులు గడిచాయి. నాలుగు రోజులూ నేను ఇంటికి అలసిపోయే వెళ్లాను, కానీ అది గ్రౌండు అలసట. అది ఎలా ఉంటుందో మర్చిపోయాను.

ఆరో రోజు ఆ పిల్ల గీత దాటింది.

ఎవరూ దాటమనలేదు. ఎదుటి జట్టులో చివరి మనిషి మిగిలింది, అది పోల్ దగ్గరికి రాకుండా దూరంగా తిరుగుతోంది. అందరూ అరుస్తున్నారు. పిల్ల పోల్ వదిలి ఉరికింది. పది అడుగులని చెప్పింది గదా, పదమూడు పద్నాలుగు ఉరికి ఉంటుంది. చెయ్యి చాపి ఆ అమ్మాయి వీపు తాకింది, తాకిన ఊపులోనే కుడికి పడింది. గడ్డం పగిలింది. లేచి కూర్చుని నవ్వుతూ, "అవుటేనా, అవుటేనా?" అని అడిగింది. తర్వాత మణికట్టు చూసుకుని ఏడ్చింది.

దవాఖానకు తీసుకెళ్లాం. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. మణికట్టు ఎముక చిట్లిందని కట్టు వేశారు. మేము బడికి తిరిగొచ్చేసరికి పిల్ల తండ్రి హెడ్మాస్టరు గది ముందు నిలబడి ఉన్నాడు. ప్లాట్ల వెంచర్లకు బోర్లు వేసే బండి మీద పని చేస్తాడట. ప్యాంటు నిండా రాతి పొడి. నన్ను దాటుకుని నేరుగా కబడ్డీ అమ్మాయి మీదికి వెళ్లాడు.

"కూసున్న పిల్లను లేపుమని ఎవ్వడు చెప్పిండు నీకు? ఏడేండ్ల సంది బడికొస్తున్నది, ఒక్క దెబ్బ దాకలే. నువ్వొచ్చిన వారానికే చెయ్యి ఇరగ్గొట్టినవ్. నీ మార్కులకు నా బిడ్డే దొరికిందా?"

అమ్మాయి ఆయన మాటలకు తల ఊపుతూ నిలబడింది, ఏదో పాఠం వింటున్నట్టు.

మధ్యాహ్నానికి మా ప్రిన్సిపాల్ వచ్చాడు. ఆయన, హెడ్మాస్టరు, నేను ముగ్గురం గదిలో కూర్చున్నాం. అమ్మాయి బయట నిలబడింది. ప్రిన్సిపాల్ ముందు లెసన్ ప్లాన్ పుస్తకం, పక్కన నా రిజిస్టరు.

"మేడం, గిండ్ల ఖో-ఖో అని ఉన్నది. ఆ పిల్లను ఆడిపిస్తమని ఎక్కడ లేదు. మీకు తెలుసా, తెల్వదా?"

నాకు తెలుసు. ఉపాయం సగం నాది, మిగతా సగానికి నేను సాక్షిని. ఐదు రోజులు అక్కడే కూర్చుని చూశాను. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. చెబితే ఆ తర్వాత ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా తెలుసు. సంజాయిషీ కాగితాలు, కమిటీ, తండ్రి ముందు నిలబడటం, మేనేజ్‌మెంటు ముందు నిలబడటం. పొద్దున్నుంచి దవాఖానలో నిలబడే ఉన్నాను. మోకాలు వాచి చీర కుచ్చిళ్లకు తగులుతోంది. ఇంటికెళ్లి పడుకోవాలని తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"వరండాలో కూర్చున్నాను సార్. సరిగ్గా గమనించలేదు," అన్నాను.

అంతే. అరగంటలో అయిపోయింది. కబడ్డీ అమ్మాయి మంచి ఉద్దేశంతోనే అయినా సొంత నిర్ణయం తీసుకుందని, క్షమాపణ రాసివ్వాలని, మిగతా ప్రాక్టీసు వేరే బళ్లో చేయాలని తేల్చారు. ఆమెను లోపలికి పిలిచి చెప్పారు. ఆమె ఒకసారి నావైపు చూసింది. నేను నా చేతిసంచి జిప్ సరిచేసుకుంటున్నాను. ఆమె పెన్ను అడిగి తీసుకుని, నిలబడే, బల్ల మీదికి వంగి రాసిచ్చింది.

నాలుగు రోజులు నేను ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. ఐదో రోజు సాయంత్రం కాలేజీ గేటు ముందు బస్సు కోసం ఇద్దరమే మిగిలాం. తప్పించుకోవడానికి చోటు లేదు.

"నన్ను క్షమించమ్మా. నేను నిజం చెప్పలేదు," అన్నాను.

ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది. "నాకు కోపమొచ్చింది మేడం. మూడు దినాలు అన్నం తినలే. తర్వాత అనిపిచ్చింది, నేను భయమని కాయితం మీద రాసిన. మీకు గూడ భయమే. మీరు రాయలే, గంతే ఫరక్."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. నేను ఎక్కలేదు, తర్వాతి బస్సుకు వెళ్లాను.

ఆ ఆదివారం పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. బయటి గదిలో కుట్టుమిషను ముందు తల్లి. పిల్ల కట్టు చేతిని దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తోంది. నన్ను చూడగానే అడిగింది.

"మా టీచర్ ఎందుకొస్తలేదు?"

"వేరే బడికి పంపించారు బిడ్డా."

"నేను పడ్డందుకా?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

"పోయినేడు మా క్లాసుల ఒకామె కబడ్డీల పడి కాలు ఇరగ్గొట్టుకున్నది. గప్పుడు ఎవ్వర్ని తీసెయ్యలే. అందరు పోయి బిస్కట్లిచ్చి వచ్చిండ్రు. ఆమె పడితే ఆటల పడ్డట్టు. నేను పడితే టీచర్ తప్పు. గిదేం లెక్క మేడం?"

తల్లి మిషను ఆపింది. "గట్ల మాట్లాడొద్దే," అంది గాని ఆ గొంతులో గద్దింపు లేదు. నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి చెప్పింది. "దెబ్బ దాకినప్పుడు నాక్కూడ మస్తు కోపమొచ్చింది మేడం. మీ అందరి మీద. గిప్పుడు గూడ ఉన్నది. అవును, చెయ్యి ఇరిగింది నా బిడ్డది. కుడి చెయ్యి. రాసుకునుడు లేదు, జడేసుకునుడు లేదు. గని రోజు పొద్దున లేసి, నేను లేంది వాళ్ల ఆట ఎట్ల నడుస్తున్నదో అంటది. నేనేం చెప్పాలె?"

తండ్రి పని నుంచి వచ్చేదాకా ఆగాను. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాక జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ ఉపాయంలో నేనూ ఉన్నానని, ఐదు రోజులూ చూశానని, గదిలో అబద్ధం చెప్పానని. ఆయన మాట మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"గదేదో ఆనాడే చెప్తే అయిపోవు గద మేడం. నేను గా పిల్లను నలుగురి ముందల అనరాని మాటలన్న. మీ సార్లు నాతోని ఏమన్నరు? ఆ పోరి ఎవ్వరి మాట ఇనకుంట మొండిగ చేసిందన్నరు. నేను నమ్మిన." తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "పెద్దదానివి, చదువుకున్నదానివి. నీకేం తక్కువైంది చెప్తందుకు?"

అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగాడు. దానికి నేను నొచ్చుకోలేదు.

సోమవారం ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి, ఫైలులో పెట్టి, నిట్టూర్చాడు. "అయిపోయిన దాన్ని మళ్ల తవ్వుడు ఎందుకు మేడం? గా అమ్మాయి పాసయితది. మీరు గూడ ఫికర్ పెట్టుకోకుండ్రి." నేను గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. ఆమె రాసిచ్చిన క్షమాపణ కాగితం వెనక్కి ఇవ్వమని మాత్రం అడిగాను. దాన్ని వెతకడానికి ఆయనకు వారం పట్టింది. ఇచ్చాక నేను ఆమెకు ఇస్తే, చదవకుండానే నాలుగు ముక్కలు చేసి, ముక్కలు పారేయడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, చివరికి తన సంచిలోనే వేసుకుంది.

ఆ తర్వాతి సంవత్సరం నుంచి నా పేపరును గ్రౌండులో చెప్తున్నాను. ప్రిన్సిపాల్ వద్దనలేదు, అవుననలేదు. ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. దగ్గరి బళ్ల నుంచి, ఒప్పుకున్న తల్లిదండ్రుల పిల్లలు ఇద్దరో ముగ్గురో శనివారాలు వస్తారు. కొన్ని వారాలు ఎవరూ రారు. మా అబ్బాయిలు, అమ్మాయిలు మొదట్లో ఆ పిల్లలతో గొంతు మార్చి మాట్లాడతారు, చంటిబిడ్డలతో మాట్లాడినట్టు. పక్కకు పిలిచి చెప్తాను. కొందరికి ఎక్కుతుంది. చాలామందికి ఎక్కదు. నిరుడు ఒకబ్బాయి సూటిగానే అన్నాడు, "గివన్ని చేస్తే ఉద్యోగం వస్తదా మేడం?" రాదని చెప్పాను. అతను నిజాయితీగా అడిగాడు, నేనూ అలాగే చెప్పాను. ఇలాంటి మాటలు రోజూ వింటే ఒళ్లు బరువెక్కుతుంది. కొన్ని శనివారాలు ఎవరూ రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ పిల్లకు కట్టు విప్పాక ఏమైందో చెప్పాలి. కొత్తగా వచ్చిన ట్రైనీ ఆమెను మళ్లీ చెప్పుల దగ్గరే కూర్చోబెట్టాడు. ఆమె రెండు రోజులు కూర్చుని, మూడో రోజు ఎవరినీ అడగకుండా వెళ్లి పోల్ పట్టుకుని నిలబడింది. గీత లేదు. పిల్లలే కట్టెపుల్లతో గీసుకున్నారు. హెడ్మాస్టరు నాకు ఫోన్ చేసి, "మీరు నేర్పిన పాఠం మేడం, గా పిల్ల చెప్తే ఇంటలేదు," అని విసుక్కున్నాడు. ఇప్పుడు ఆమె పదో తరగతి. ఆటల పీరియడ్లు తీసేసి లెక్కలు చెప్తున్నారట.

కబడ్డీ అమ్మాయి పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ప్రైవేటు బళ్లో చేరింది. రెండేళ్లు ఒక్క ఫోను లేదు. పోయిన నెల చేసింది. ఎలా ఉన్నారని అడగలేదు.

"మేడం, మా ఆరో తరగతిల కండ్లు కనపడని పిల్ల చేరింది. ఏం జెయ్యాలె?"

"నాకు తెలీదు," అన్నాను.

"నాకు గూడ తెల్వదు. శనివారం వస్తరా?"

వెళ్లాను. బొంగుళూరు గేటు దగ్గర దిగి, రెండు ఆటోలు మారి, చేరేసరికి పదకొండయింది. అమ్మాయి కొంచెం లావయింది. నన్ను చూసి నవ్వలేదు, కానీ నా చేతిసంచి అందుకుంది. బడి గ్రౌండంటే నాలుగు బిల్డింగుల మధ్య సిమెంటు నేల. రెండు చోట్ల పగిలి ఉంది, ఒక పక్క బస్సులు నిలిపి ఉన్నాయి. కళ్లు కనపడని ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది. బక్కగా, రెండు జడలతో, తల ఒక పక్కకు వంచి మా అడుగులు వింటోంది.

"గీ గ్రౌండ్ ఎంత పెద్దగుంటది టీచర్?" అని అడిగింది.

అమ్మాయి చెప్పబోయి ఆగింది. నా వైపు చూసింది. కొలిచి చూపించడం తప్ప ఇంకేదీ నాకూ తోచలేదు. పిల్లకు నా మోచెయ్యి అందించాను. గోడ పట్టుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టాం. ఆమె అడుగులు లెక్కపెడుతోంది. పగులు దగ్గర చెప్పాను, అక్కడ ఆగి కాలితో తడిమి చూసుకుంది. రెండో మూల తిరిగేసరికి నా మోకాలు పట్టేసింది, నడక మందగించింది. పిల్ల నా చెయ్యి ముందుకు గుంజింది.

"జర జల్ది నడువుండ్రి మేడం," అంది. "ఇంక రెండు దిక్కులున్నయి."